కాటా మేస్త్రి ఇంటికి తెచ్చిన చేప

బస్సు కొండ మలుపు దిగుతుండగా నా కాళ్ల మీద నీళ్లు పడ్డాయి.

"ఏమనుకోకండి, దీనికి మలుపులు పడవు" అన్నాడు పక్క సీటాయన.

అతని మోకాళ్ల మధ్య పెద్ద బకెట్టు. బకెట్టు మీద తడి తువ్వాలు. తువ్వాలు కిందికి దూరిన సన్నని రబ్బరు గొట్టం. గొట్టం రెండో కొసన సైకిలు పంపు. ఆ పంపును అతను ఎవరినో నిద్రపుచ్చుతున్నంత నింపాదిగా కొడుతున్నాడు. నాకు ఫలానా చోట దిగాలన్న పట్టింపు ఎన్నడూ లేదు. ఇలాంటి మనిషి పక్కన చోటు దొరికినప్పుడు టికెట్టును ఇంకో ఊరిదాకా పొడిగించుకోవడం నా పాత జబ్బు. కండక్టరును పిలిచి అదే పని చేశాను.

"లోపలేముంది?" అన్నాడు కండక్టరు.

"బాస్ అనే సీమ చేప."

"దానికి టికెట్టు?"

"ఒళ్లో పిల్లలకి టికెట్టు లేదుగా."

"ఒళ్లో పిల్లలు నా బూట్లు తడపరు."

"నువ్వు పిల్లల్ని పెంచినట్టు లేదులే" అంది వెనక సీటావిడ. ఆవిడ ఒళ్లో కూరగాయల సంచీ ఉంది. మెడ చాచి బకెట్టులోకి చూసింది. "బాగా బలిసింది. గాలెందుకు కొడుతున్నావ్ బాబూ? తలమీద ఒక్కటేస్తే ఇంటికెళ్లేదాకా కదలకుండా పడుంటుంది."

"వండటానికి కాదక్కా. మా ఆవిడకి చూపించి, మళ్లీ తీసుకెళ్లి రిజర్వాయర్లో వదిలేస్తా."

బస్సులో అందరి నోళ్లూ ఒకేసారి తెరుచుకున్నాయి. పట్టింది వదిలేసేటట్టయితే పట్టడం దేనికని ఒకరు. వదలకపోతే వచ్చే తరానికి చేపలుంటాయా అని ఇంకొకరు. వచ్చే తరం సంగతి వచ్చే తరం చూసుకుంటుందిలే, ఇవాళ మధ్యాహ్నం సంగతి చూడమని మరొకరు. మూతికి గాలం గుచ్చి, బయటికి లాగి, ముద్దాడి మరీ వదిలిపెట్టడం ఏం దయ అని కిటికీ పక్క కళ్లద్దాల అమ్మాయి అడిగింది.

నేను తిరిగిన దేశాల్లో ఈ తగవు చాలా చోట్ల విన్నాను. ఒకచోట చేపను వదిలేముందు క్షమాపణ చెప్పుకునేవాళ్లు. ఇంకోచోట పట్టింది తినకపోతే అది నీటిని అవమానించడమని పోట్లాటకొచ్చేవాళ్లు. ఇరుపక్షాల పుస్తకాలూ లావుపాటివి చదివాను. వాటిలో ప్రతి ఒక్కరూ చేప తరఫునే మాట్లాడారు. చేపకు భోజనం పెట్టినవాడు మాత్రం ఒక్కడే కనిపించాడు, గాలానికి ఎర గుచ్చినవాడు.

మా బకెట్టాయనకి చెయ్యి నొప్పి పుట్టింది. వెంటనే వెనక సీటావిడ "ఇటివ్వు" అని పంపు లాక్కుంది. తలమీద ఒక్కటెయ్యమన్న ఆవిడే ఆ చేపకు గాలి కొడుతూ ఉంటే అతను చేతులు విదుల్చుకుంటూ తన కథ చెప్పుకొచ్చాడు.

అతన్ని బజారంతా కాటా మేస్త్రి అంటుంది. త్రాసులు, కాటాలు, తూనిక యంత్రాలు బాగుచేయడం తండ్రి నుంచి వచ్చిన పని. తాళాలవాడి కొట్టుకూ చెప్పులవాడి కొట్టుకూ మధ్య ఇరుకు గది. గోడకు ఒక చెక్క అర, అందులో పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా ఇత్తడి తూకపు గుండ్లు. వాటిని ఉత్త చేత్తో ముట్టుకోడు, చెమట అంటితే బరువు మారుతుందని మెత్తటి గుడ్డతో పట్టుకుంటాడు. ఇద్దరు వర్తకులు తూకం దగ్గర చొక్కాలు పట్టుకునేదాకా వస్తే ఇతన్ని పిలుస్తారు. ఇతను వంగి, ముల్లు చూసి, "సరిగ్గానే ఉంది" అంటాడు. ఆ తర్వాత చొక్కాలు వదిలేస్తారు. బంగారం కొట్టాయన కూడా ఇతని మాట మీద ఇంకో మాట అనడు.

అంతటి మాటా సొంత ఇంటి గడప దాటి లోపలికి పోదు.

ఎందుకంటే, మేస్త్రికి ఆదివారాలు గాలం వేయడం పిచ్చి. ఊరి రిజర్వాయరు దగ్గర గాలం వేసేవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంది. పళ్ల డాక్టరు దానికి అధ్యక్షుడు. పట్టిన చోటే, పట్టిన వెంటనే వదిలేయాలన్నది సంఘం నియమం. ఎవరైనా ఇంటికి తీసుకుపోతే పేరు కొట్టేస్తారు. పోనీ, ఆ నియమం ఎవరు ప్రతిపాదించారనుకున్నారు? మన మేస్త్రే. ఒకరోజు ఎవరో సంచీడు చేపలు మోసుకుపోతుంటే కడుపు తరుక్కుపోయి లేచి మాట్లాడాడట. జీవితంలో అతను చేసిన ఉపన్యాసం అదొక్కటే. అది ఏకగ్రీవంగా నెగ్గి అతని కొంపలోనే నిప్పులు పోసింది.

ప్రతి ఆదివారం ఉత్త చేతులతో ఇల్లు చేరేవాడు. భార్య పొయ్యి మీద ఖాళీ మూకుడు పెట్టి కూర్చునేది. నూనె పోసేది కాదు, మంట వెలిగించేది కాదు. ఊరికే, అతనికి కనబడేలా.

"పడిందా?"

"పడింది. నాలుగు కిలోలుంటుంది."

"ఏదీ?"

"వదిలేశాను."

"అవునవును."

"ఆ 'అవునవును' మీరు వినలేదు గురువుగారూ. వింటే తెలిసేది" అన్నాడు మేస్త్రి నాతో.

"ఫొటో తీసుకోవచ్చుగా?" అంది పంపు కొడుతున్న ఆవిడ.

"తీశానక్కా. చేతులు ముందుకి చాపి పట్టుకుంటే వేలెడు చేప కూడా దూడంత కనబడుతుందట. డాక్టరుగారి ఫొటోలు చూసి మా ఆవిడ ఆ కిటుకు ఎప్పుడో పట్టేసింది."

మొదట్లో అదంతా వేళాకోళమే. ఇంటికొచ్చిన చుట్టాల ముందు "మా ఆయన ఆదివారాలు ఎక్కడికెళ్తారో తెలీదు గానీ, చేపలకి మాత్రం ఏ ప్రమాదమూ లేదు" అని నవ్వించేది. పోయిన ఆదివారం నవ్వలేదు. చుట్టాలూ లేరు. మూకుడూ పెట్టలేదు. "ఒక్కసారి నిజం చెప్పండి. ఎక్కడికెళ్తున్నారు?" అని మెల్లగా అడిగింది. ఊరందరి తూకాలూ సరిచేసే మనిషి ఆ ప్రశ్నకు నీళ్లు నమిలాడు. నిజం చెప్పినవాడు నీళ్లు నమిలితే అబద్ధం కన్నా అన్యాయంగా ఉంటుంది.

అందుకని ఇవాళ పొద్దున చేప పడగానే, సంఘంలో వాళ్లెవరూ చూడకుండా బకెట్టులో వేసుకుని బస్సెక్కాడు. చంపలేదు కాబట్టి ఉంచుకున్నట్టు కాదు, తిరిగి వదులుతాడు కాబట్టి నియమం తప్పినట్టూ కాదు. పెళ్లామూ దక్కుతుంది, సంఘమూ దక్కుతుంది. ఇంత చక్కటి పథకాలు నేను రాజ్యాలు పోగొట్టుకున్నవాళ్ల చరిత్రల్లో చదివాను.

అతను దిగిన చోటే నేనూ దిగాను. బకెట్టు చెరో పక్కా పట్టుకున్నాం. కండక్టరు తన నీళ్ల సీసా బకెట్టులో ఒంపి, "పోతే పోయిందిలే గానీ, సంగతేమైందో సాయంత్రం ట్రిప్పులో చెప్పు" అన్నాడు.

ఇల్లు కొట్టు వెనకే. రెండు గదులు, ఒక కిటికీ. కిటికీ దగ్గర భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తోంది. భర్తను చూసింది, నన్ను చూసింది, బకెట్టును చూసింది. మిషను ఆగింది.

"ఈయనెవరు, సాక్షా?"

"బస్సులో కలిశారు. నువ్వు ముందు ఇది చూడు."

తువ్వాలు తీశాడు. ఆవిడ వంగింది. చేప ఒకసారి తోక విసిరింది. ఆవిడ మొహం తుడుచుకుని చాలాసేపు అలాగే చూసింది.

"బజార్లో కొన్నారా?"

"బజార్లో బతికున్నవి ఎక్కడమ్ముతారే? మూతి దగ్గర చూడు, గాలం గాటు."

ఆవిడ చూసింది. నిఠారుగా నిలబడింది. అప్పుడు అడిగింది, అడగాల్సింది.

"నాలుగు కిలోలా ఇది?"

మేస్త్రి ఇక్కడ చేసిన పొరపాటు ఇంకే వృత్తివాడూ చేయడు. "అంతే ఉంటుంది" అని ఊరుకుంటే సరిపోయేది. కానీ అడిగింది బరువు. కాళ్లు వాటంతటవే కొట్టులోకి నడిచాయి. తడి గుడ్డ పరిచి, గుడ్డ బరువు తీసేసి, ముల్లును సున్నాకు తెచ్చి, చేపను మెత్తగా పడుకోబెట్టాడు. వంగి చూశాడు. చేపను బకెట్టులో వేసి, అరలోంచి ఇత్తడి గుండు తెచ్చి కాటాను పరీక్షించాడు. కాటాలో ఏ లోపమూ లేదు. మళ్లీ చేపను పెట్టాడు. మళ్లీ వంగాడు. అతని మెడ వెనక ఎర్రబడటం నాకు కనబడింది.

"ఎంత?"

"రెండున్నర."

"రెండున్నరేనా?"

"... కాస్త తక్కువ."

నేను గోడ వైపు తిరిగాను. ఆ గదిలో చూడటానికి గోడ తప్ప ఇంకేం మిగల్లేదు. వెనక నుంచి ఒక చప్పుడు వినిపించింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, కాటా బల్ల పట్టుకుని, ఊపిరి అందక నవ్వుతోంది.

"ఇన్నేళ్లూ... ఊరందరికీ గ్రాము గ్రాము సరిచేసి... నా దగ్గరికొచ్చేసరికి కిలోన్నర కలిపేశారా?"

"నీళ్లలో ఉన్నప్పుడు అంతే అనిపిస్తుందే" అన్నాడు మేస్త్రి నేల చూస్తూ.

"చూశారా అన్నయ్యగారూ?" అంది ఆవిడ నాతో. అక్కడికి నేను చిన్నప్పటి నుంచీ ఆ ఇంటివాణ్ణే అన్నట్టు. "మా ఆయన నిజంగానే చేపలు పడతారు. వేరే ఎక్కడికైనా వెళ్లే మనిషైతే ఆ ముల్లు దగ్గర ఇంకో అబద్ధం ఆడేవాడు." నవ్వాపుకుని బకెట్టు మీద తువ్వాలు కప్పింది. "ఇంక పొండి. దాని మొప్పలు చూడండి, ఎలా కొట్టుకుంటున్నాయో. ప్రాణముండగా దింపేసి రండి."

మేస్త్రి మొహం ఒక్కసారి విచ్చుకుంది. గుమ్మం దాటుతుంటే ఆవిడ వెనక నుంచి పిలిచింది.

"ఏవండీ. వచ్చేటప్పుడు బజార్లో ఒక చేప కొనుక్కురండి. వాసనకి నోరూరింది."

పొయ్యి మీద మూకుడు పెట్టిన చప్పుడు వీధిలోకి వినిపించింది. ఈసారి నూనె పోసింది కూడా.

తిరుగు బస్సులో పంపు నేనే కొట్టాను. చేప పక్కకు ఒరుగుతోంది. మేస్త్రి దాన్ని వేళ్లతో నిలబెడుతూ కూర్చున్నాడు.

రిజర్వాయరు ఒడ్డున సంఘం భోజనాల బల్ల వేసుకుని ఉంది. నెలకోసారి అందరూ కలిసి తినే రోజట. మేస్త్రి బకెట్టుతో రావడం పళ్ల డాక్టరు కంటపడనే పడింది.

"మేస్త్రీ, అందులో ఏంటి?"

దాస్తే దాగేది కాదు. చెప్పేశాడు. ఇంటికి తీసుకెళ్లాను, చూపించాను, తెచ్చాను, వదిలేస్తాను అన్నాడు. డాక్టరు చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టాడు. పళ్లెంలో వేయించిన చేప ముక్కలున్నాయి. అవి ఎక్కడివని అడిగాను.

"అవి చెరువుల్లో పెంచినవి. పుట్టిందే తినడానికి. వీటి సంగతి వేరు" అన్నాడు డాక్టరు నన్ను పైకీ కిందికీ చూసి. నోట్లోంచి చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టి, "సమావేశం మొదలుపెడదామా?" అన్నాడు.

అందరూ తమ తమ పళ్లేలతో బకెట్టు చుట్టూ కుర్చీలు లాక్కున్నారు.

"ఇంటికి తీసుకెళ్లడమంటే ఉంచుకోవడమే" అన్నాడు డాక్టరు.

"నీళ్లలోనే ఉందిగా. నీళ్లలోంచి తీయనిదాన్ని ఉంచుకున్నట్టెలా అంటాం?" అన్నాడు కార్యదర్శి. ఆయన రిటైరైన హెడ్మాస్టరు.

"బకెట్టు రిజర్వాయరా?"

"నీళ్లు రిజర్వాయరువే కదా."

"సగం. మిగతా సగం కండక్టరుది" అన్నాను నేను, ఉండబట్టలేక.

"పట్టిన చోటే అన్నాం. ఏ ఒడ్డున పట్టాడో తేలాలి ముందు."

"పట్టిన వెంటనే అంటే ఎంతలోపు? నిర్వచనం లేదు. నేను అప్పుడే చెప్పాను."

"అప్పుడు మీరు సమావేశానికే రాలేదు."

"చేప పరిస్థితి బాగోలేదండీ" అన్నాడు మేస్త్రి.

"ఉండవయ్యా, నీ గురించే మాట్లాడుతున్నాం" అన్నాడు డాక్టరు.

నేను చాలా సభలు చూశాను. వరద మీద చర్చ ముగిసేసరికి వరద తగ్గిపోయిన సభలూ చూశాను. కానీ ఒక ప్రాణి స్వేచ్ఛ గురించి దాని ఊపిరి ఆగిపోతుండగా, దాని దాయాదిని నములుతూ ఇంత నిష్ఠగా వాదించుకున్న సభ మాత్రం అదే.

మేస్త్రి ఒక్క క్షణం నిలబడ్డాడు. అతను చేసిన ఒకే ఒక్క ఉపన్యాసం అక్కడి బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉంది. దాన్నొకసారి చదువుకున్నాడు. తర్వాత వంగి, బకెట్టులో చేతులు పెట్టి, చేపను ఎత్తుకుని బూట్లతోనే నీళ్లలోకి నడిచాడు. ఎవరూ చూడలేదు. అప్పటికి వాళ్లు 'వదిలేయడం' అన్నదాన్ని నిర్వచిస్తున్నారు.

నడుం లోతులో ఆగి, చేపను నీటి కింద పట్టుకుని ముందుకూ వెనక్కూ మెల్లగా కదిపాడు. ఎంతసేపో. అతని పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, క్షమాపణో నాకు తెలియదు. బహుశా కిలోన్నర గురించి అయుంటుంది. కాసేపటికి చేతులు ఖాళీగా పైకి వచ్చాయి. నీటి మీద ఒక గీత లోతు వైపు సాగి చెదిరిపోయింది. అది బతికిందో, లోతుకు వెళ్లి చచ్చిందో నేను చెప్పలేను. పైకైతే తేలలేదు. ఆ ఒడ్డున కూర్చుని చీకటి పడబోయేదాకా చూశాను కాబట్టి ఆ మాట మాత్రం చెప్పగలను.

"అయితే తీర్మానం" అన్నాడు డాక్టరు. "చేపను తక్షణం వదలాలి. మేస్త్రి సభ్యత్వం రద్దు. చేతులెత్తండి."

చేతులు లేచాయి. కొన్నింట్లో చేప ముక్కలున్నాయి. కార్యదర్శి తీర్మానం అమలు చేయడానికి బకెట్టులోకి వంగి, అలాగే ఉండిపోయాడు.

మేస్త్రి ప్యాంటులోంచి నీళ్లు కారుతుండగా ఒడ్డుకొచ్చాడు. కార్యదర్శి ముక్కు కింద నుంచి బకెట్టు తీసుకున్నాడు. మిగిలిన నీళ్లు గడ్డిలో పారబోశాడు. పంపు, గొట్టం, తువ్వాలు అందులో వేసుకుని, బకెట్టు ముంజేతికి తగిలించుకున్నాడు.

"మేస్త్రీ, నీకేమైనా చెప్పుకునేది ఉందా?" అన్నాడు డాక్టరు.

అతను అప్పటికే రోడ్డెక్కాడు. నా వైపూ చూడలేదు, వాళ్ల వైపూ చూడలేదు. బస్సు కోసం కూడా ఆగలేదు. బూట్లు చపచపమంటుండగా, బజార్లో చేపల కొట్టు కట్టేసేలోపు చేరాలని, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్లిపోయాడు.