అరవై డిగ్రీల కోణం, ముప్పై మీటర్ల టేపు

రిటైర్మెంట్‌కు ఇంకా పద్నాలుగు నెలలుందనగా, ఒక జూలై సోమవారం మా వైస్ ఛాన్సలర్ గారు నన్ను ఛాంబరుకు పిలిచి, డిసెంబరులో జరగబోయే ప్రాంతీయ గణిత సదస్సుకు కన్వీనర్‌గా నియమించిన ఉత్తర్వు చేతిలో పెట్టారు. అప్పుడు నేను శ్రీకాకుళానికి దగ్గర్లోని ఒక విశ్వవిద్యాలయంలో గణిత విభాగాధిపతిని. కన్వీనర్ అంటే వేదిక మీద కుర్చీ ఉండని వ్యక్తి. వేదిక మీద ఒక కుర్చీ తక్కువైతే సంజాయిషీ చెప్పవలసిన వ్యక్తి కూడా. వైస్ ఛాన్సలర్ గారిది రసాయనశాస్త్రం. గణిత సదస్సుకు ప్రయోగశాల అక్కర్లేదు గనక ఏర్పాట్లు సులువేనని ఆయన నన్ను ఉత్సాహపరిచారు.

ఆహ్వానపత్రాలు వెళ్లాక, నవంబరు చివరి వారంలో, ఒక పెద్దమనిషి డ్రాయింగ్ షీటు చుట్ట చంకన పెట్టుకుని నా గదికి వచ్చారు. పేరు తవిటినాయుడు. ఊరు కోటబొమ్మాళి దగ్గర. మండల సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. కోణాన్ని మూడు సమభాగాలు చేసే పద్ధతి కనిపెట్టాననీ, సదస్సులో చూపించాలనీ అన్నారు.

ఇక్కడ కొంచెం వివరించాలి. గీతలు లేని రూళ్లకర్ర, వృత్తలేఖిని మాత్రమే వాడి ఏ కోణాన్నయినా రెండు సమభాగాలు చేయవచ్చు. హైస్కూలులో అందరూ చేసిన పనే. ఏ కోణమిచ్చినా మూడు సమభాగాలు చేయడం మాత్రం సాధ్యం కాదు. ఇంతవరకూ ఎవరికీ చేతకాలేదని కాదు, ఎప్పటికీ ఎవరికీ కాదని నిరూపణ ఉంది. అయినా చేశామంటూ ఉత్తరాలు రాసేవాళ్లు ప్రతి గణిత విభాగానికీ ఉంటారు. వాటికోసం నా బీరువాలో ప్రత్యేకంగా ఒక ఫైలు ఉండేది. ఉత్తరం అందింది, ఇది అసాధ్యం అని రెండు వాక్యాల జవాబు రాసి అందులో పెట్టేయడం మా ఆనవాయితీ. మనిషే వచ్చి ఎదురుగా కూర్చుంటే ఏం చేయాలో ఆనవాయితీలో లేదు.

అది అసాధ్యమండీ అన్నాను.

"ఎవులు సెప్పినారు మేడం?"

ఒక ఫ్రెంచి గణితజ్ఞుడు నిరూపించాడనీ, ఆయన పోయి చాలా కాలమైందనీ చెప్పాను.

"అయితే ఆయన్ని అడగడానికి నేదు. నన్నడగండి, బతికే ఉన్నాను కదా" అని షీటు విప్పబోయారు.

నాకు అవతల భోజనాల కమిటీ మీటింగు ఉంది. "కార్యక్రమం నిండిపోయింది, ఖాళీ ఉంటే చూద్దాం లెండి" అన్నాను. ఆఫీసు భాషలో దీని అర్థం కుదరదని. ఆయన మాత్రం నమస్కారం పెట్టి, తేదీ రాసుకుని వెళ్లారు.

సదస్సు మొదటిరోజు ప్రారంభసభ అవగానే ప్లీనరీ ఉపన్యాసం, అంటే ప్రతినిధులంతా ఒకేచోట కూర్చుని వినేది. దానికి రావలసిన ప్రొఫెసర్ విశ్వేశ్వరం గారు హైదరాబాదులో ఎక్కిన రైలు ఎక్కడో ఆగిపోయింది. వైస్ ఛాన్సలర్ గారి ప్రసంగం అయిపోయింది. గంటంపావు ఖాళీ. హాలు నిండా కాలేజీ అధ్యాపకులు, ముందు వరుసలో నలుగురు విలేఖరులు. టీ ముందుగా ఇప్పించేద్దామని నేను మైకు దగ్గరికి వెళ్తుండగా మూడో వరుసలో తవిటినాయుడు గారు లేచారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నల్లబల్ల మీద వాడే చెక్క వృత్తలేఖిని. ఉదయమే కౌంటర్లో పేరు నమోదు చేయించుకున్నారట. మెడలోని బ్యాడ్జీ మీద 'సంస్థ' అన్నచోట 'సొంతం' అని రాసి ఉంది.

"ఖాళీ ఉన్నాది కదా మేడం" అన్నారు.

ఎవరాయన అని వైస్ ఛాన్సలర్ గారు అడిగారు. నేను నోరు విప్పేలోగా తవిటినాయుడు గారే చెప్పేశారు. మన జిల్లా మనిషి, రెండువేల ఏళ్లుగా తెగని సమస్య అనేసరికి వైస్ ఛాన్సలర్ గారి ముఖం వెలిగిపోయింది. స్వయంగా చెయ్యిచ్చి వేదిక మీదికి ఎక్కించారు.

నల్లబల్ల మీద ఆయన గీసిన తీరు గురించి అబద్ధం చెప్పకూడదు. అంత శుభ్రంగా వృత్తాలు గీసేవాళ్లు మా విభాగంలో ఎవరూ లేరు. ఏదైనా కోణం చెప్పమంటే వైస్ ఛాన్సలర్ గారు అరవై డిగ్రీలన్నారు. సాధ్యం కాదని మేము తరగతిలో నిరూపించేది సరిగ్గా ఆ కోణంతోనే. పది నిమిషాల్లో అది మూడు ముక్కలైంది. కోణమానిని పెట్టి చూపించారు: ఇరవై, ఇరవై, ఇరవై. చప్పట్లు మోగిపోయాయి.

వైస్ ఛాన్సలర్ గారు మైకు తీసుకుని, దీన్ని ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. హాలంతా ఎత్తింది. ఎత్తినవాళ్లలో మా విభాగం అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఇద్దరున్నారు. ఇది అసాధ్యమని ఎమ్మెస్సీ వాళ్లకు పాఠం చెప్పేది వాళ్లే. తర్వాత సంజాయిషీ అడిగితే, "వీసీ గారు మావైపే చూస్తున్నారు మేడం" అన్నారు.

ఇక ఊరుకోలేక నేను లేచాను. ఇది తప్పు, సాధ్యం కాదని నిరూపణ ఉంది అన్నాను. మైకు ఆన్‌లో ఉందన్న సంగతి మరిచిపోయి వైస్ ఛాన్సలర్ గారు, "నిరూపణ సంగతి తర్వాత చూద్దాం. కొలిచి చూపించాడు కదమ్మా!" అన్నారు. మళ్లీ చప్పట్లు.

తవిటినాయుడు గారు నావైపు తిరిగి నెమ్మదిగా అడిగారు. "తప్పంతన్నారు. ఎక్కడున్నాదో సూపించండి."

తప్పు ఉందని నాకు తెలుసు. ఎక్కడుందో నిలుచున్నపాటున తేల్చడం నావల్ల కాలేదు. అదే మాట చెప్పాను.

"ఉన్నాది గానీ కనపడదంతారు. అది దెయ్యం మాట మేడం."

హాలు గొల్లుమంది. విలేఖరులు రాసుకుంటున్నారు. మర్నాడు పేపర్లో మా విశ్వవిద్యాలయం పేరు ఎలా వస్తుందో, దేశంలోని మిగతా గణిత విభాగాలు దాన్ని ఎలా చదువుకుంటాయో అప్పుడే నాకు కనబడుతోంది. ముఖ్య అతిథి కోసం తెప్పించిన శాలువాను వైస్ ఛాన్సలర్ గారు అప్పటికే తవిటినాయుడు గారికి కప్పేశారు.

విశ్వేశ్వరం గారు ఆమదాలవలసలో దిగి, సంచీతోనే మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చారు. వరండాలోనే ఆయనకు అంతా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన నల్లబల్ల చెరపలేదు కదా అని అడిగి, తిన్నగా దాని ముందుకు వెళ్లి నిలబడ్డారు. తర్వాత తవిటినాయుడు గారి పక్కన కూర్చుని భోంచేశారు. విశ్వేశ్వరం గారి సొంతూరు విజయనగరం జిల్లాలోనే. అన్నం కలుపుతూ మాట్లాడుతుంటే ఆయన హైదరాబాదు తెలుగు సగం జారిపోయింది.

అసాధ్యమన్న మాట ఆయన ఎత్తలేదు. "నాయుడుగారూ, ఇదే నేల మీద పెద్దగా గీస్తే ఎలాగుంతాది?" అని అడిగారు.

సర్వేయరుకు ఆ ప్రశ్న వెంటనే అర్థమైంది. అన్నం సగంలో వదిలేసి లేచారు. మా సిబ్బంది తాడు తెస్తే విసిరికొట్టారు. "తాడు సాగుతాది. రేపు నెపం దాని మీదకి తోసెయ్యొచ్చు. ఇనప టేపు తెండి." ఇంజినీరింగ్ విభాగం నుంచి ముప్పై మీటర్ల ఉక్కు టేపు, మేకులు, సున్నం వచ్చాయి. క్రీడామైదానం మధ్యలో పని మొదలైంది. రెండు గంటలకు సమాంతర సమావేశాలు ప్రారంభం కావాలి. మూడు గదుల్లోనూ అధ్యక్షులు కూర్చున్నారు గానీ వినేవాళ్లు లేరు. కాసేపటికి అధ్యక్షులు కూడా మైదానానికి వచ్చేశారు.

ముప్పై మీటర్ల వ్యాసార్థంతో చాపం, దాని మీద మేకులు. గంటన్నర పట్టింది. చివరికి తవిటినాయుడు గారు టేపుతో మూడు ముక్కలనూ కొలిచారు. మొదటిదీ రెండోదీ సమానం. మూడోది నాలుగు వేళ్లు తక్కువ. టేపు బిగించి మళ్లీ కొలిచారు. శాలువా తీసి గడ్డి మీద పెట్టి మూడోసారి కొలిచారు. నాలుగు వేళ్లే. బల్ల మీద సుద్దగీత మందంలో ఇమిడిపోయిన తేడా మైదానంలో అంత అయింది.

వైస్ ఛాన్సలర్ గారు, ఎండ వల్ల టేపు సాగి ఉంటుందేమోనని రసాయనశాస్త్రం తరఫున ఒక ప్రయత్నం చేశారు. తవిటినాయుడు గారు తల అడ్డంగా ఊపారు. "సాగితే మూడింటికీ సాగాల కదండీ" అని, విలేఖరుల వైపు తిరిగారు. "రాసుకోండి బాబూ. తప్పే. కొలిసినోడు తవిటినాయుడే."

భోజనాలకు ముందే వార్త పంపేసిన ఒక విలేఖరి ఆ మాట వినడానికి అక్కడ లేడు. మర్నాడు ఆ పత్రిక జిల్లా పేజీలో సమస్య పరిష్కారమైపోయింది. సవరణ వేయమని తవిటినాయుడు గారే ఫోన్ చేశారు, వాళ్లు వేయలేదు. ఆ తర్వాత రెండు నెలల్లో పలాస నుంచి, పార్వతీపురం నుంచి, బరంపురం నుంచి కొత్త పద్ధతులు పోస్టులో వచ్చి నా ఫైలు రెండు ఫైళ్లయింది.

సదస్సు ముగిసిన గురువారం తవిటినాయుడు గారు మళ్లీ నా గదికి వచ్చారు. తన దారి తప్పు అని తేలింది గానీ, వేరే దారి లేదని ఎలా చెప్తారన్నారు. న్యాయమైన ప్రశ్న. చేతులెత్తిన ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లనూ పిలిచి, ఆయనకు నిరూపణ నేర్పే బాధ్యత అప్పగించాను. మొదటి వారమే ఆయన ప్రశ్నలకు వాళ్లు పాఠ్యపుస్తకాలు తిరగేసుకోవలసి వచ్చింది. ఆయన మాత్రం వారం తప్పకుండా బస్సెక్కి వచ్చేవారు.

ఏప్రిల్ నెలలో ఒక గురువారం ఆయన నా గది గుమ్మంలో నిలబడి, "తెలిసిపోనాది మేడం" అన్నారు. "వృత్తలేఖినితో ఎంత గీసినా రెండు, నాలుగు, ఎనిమిది, ఇలాగ రెట్లే కట్టగలం. ఈ కోణానికేమో మూడు గావాల. రెట్లు కట్టుకుంటా పోతే మూడెక్కడొస్తాది?"

వృత్తలేఖినికి లొంగేవి వర్గ సమీకరణాలు, ఈ కోణానికి కావలసింది ఘన సమీకరణం; నిరూపణ సారాంశం అంతే. ముప్పై ఏళ్లు నేను దాన్ని రెండు బల్లల నిండా రాస్తూ వచ్చాను.

ఆ రోజునుంచి రిటైరయ్యేవరకు, అలాంటి ఉత్తరాలు వస్తే అసాధ్యమని జవాబు రాయలేదు. ముప్పై మీటర్ల వ్యాసార్థంతో గీసి, ఫలితం తెలియజేయమని రాశాను. ఎక్కువమంది తిరిగి రాయలేదు. రాసిన ముగ్గురికి నిరూపణ పంపించాను. ఒక విషయానికి నిరూపణ ఉండటం వేరు, ఎదుటి మనిషికి అది అందటం వేరు. రెండోదానికి సమయం పడుతుంది; ఆ సమయం విభాగాధిపతి విధుల్లో భాగమేనని నాకు ఉద్యోగం చివరి ఏడాదిలో తెలిసింది.