రెండువందల పన్నెండో పేజీ

మా యూనివర్సిటీ లైబ్రరీలో వైఫై డబ్బాను ఏ మహానుభావుడు బిగించాడో గానీ, సరిగ్గా పాత పుస్తకాల గది తలుపు మీద బిగించాడు. సిగ్నల్ ఆ డబ్బా కిందే బాగా వస్తుంది. అందుకని అందరం ఆ తలుపుకే కుర్చీలు ఆనించుకుని కూర్చునేవాళ్లం. పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ నేను రోజూ లైబ్రరీకి పోయాను. ఆ తలుపు తెరుచుకోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

థీసిస్ ఇవ్వడానికి మర్నాటితో గడువు ముగుస్తుందనగా గైడ్ సార్ ఫోన్ చేశారు. మా జిల్లా రైతులు కొర్ర, ఆరిక వదిలి వేరుశనగకు ఎందుకు మళ్లారన్నది నా విషయం. థీసిస్‌లో ఆ కారణం చెప్పే వాక్యం ఒకటుంది. దాని కింద ఓ పాత పుస్తకం పేరు, రెండువందల పన్నెండో పేజీ అని ఉంటుంది. ఆ పేజీ జిరాక్స్ జతచేయమని ఆఫీసులో పట్టుబడుతున్నారట.

"యాడుండాదో వెతికి తేమ్మా. అది లేకుంటే నేను సంతకం పెట్టేకి కాదు" అన్నారు.

సంతకం లేకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు. బత్తలపల్లెలో మా నాయన, కూతురు డాక్టరయిందని అప్పటికే అందరికీ చెప్పేసుకున్నాడు.

నిజానికి ఆ పుస్తకం నేను చూసింది కాదు. మా డిపార్ట్‌మెంటులో సీనియర్లు వెళ్తూ వెళ్తూ ఆధార గ్రంథాల పట్టికను పెన్‌డ్రైవ్‌లో వేసి జూనియర్లకు ఇచ్చిపోతారు, హాస్టల్లో బకెట్టు ఇచ్చిపోయినట్టు. ఆ వాక్యం, దాని కింది పేజీ నంబరు అట్లా వచ్చినవే. పొద్దున్నుంచీ ఫోన్లో వెతికాను. కూర్చోలేను, నిలబడలేను. వాక్యం మాత్రం ఎన్నోచోట్ల దొరికింది, అదే కామాతో సహా. కొన్నిచోట్ల కింద మా గైడ్ సార్ పేరే ఉంది. ఆ పేజీ మాత్రం ఎక్కడా లేదు.

ఇక లాభం లేదని లైబ్రరీకి పరుగెత్తి, తలుపు ముందున్నవాళ్లను లేవమన్నాను. ఓ జూనియర్ అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి, "ఏమక్కా, బుక్కు కోసరం వచ్చినావా? ఒళ్లు బాగుండాది కదా?" అంది. నవ్వే ఓపిక నాకు లేదు.

లోపల బల్బు వెలగలేదు. ఫోన్ లైటు వేసుకుని, తుమ్ముకుంటూ వెతికితే పుస్తకం దొరికింది. చేతిలోకి తీసుకుని చూశాను. మరీ పలచగా ఉంది. నూట ఎనభై పేజీలకే అయిపోయింది. వెనక పేజీలు చిరిగాయేమోనని చూశాను. లేదు, ఆఖర్న 'సమాప్తం' అని అచ్చేసి ఉంది. ఆదినుంచి తిరగేశాను. నా వాక్యం అందులో ఎక్కడా లేదు. ఒళ్లు మండిపోయింది. పక్క బీరువాలోని థీసిస్‌లు లాగి చూశాను. అన్నింట్లోనూ అదే వాక్యం, అదే పేజీ. వాటిలో అన్నిటికన్నా పాతది మా గైడ్ సార్‌ది.

క్లాసులో ఫోన్ కనిపిస్తే గుంజుకునే మనిషాయన. పుస్తకం తీసుకుపోయి ఆయన బల్లమీద పెట్టాను. ఆఖరి పేజీ చూశారు, మళ్లీ అట్ట చూశారు.

"ఇంకో ప్రింటు ఉంటాదేమో. నెట్లో చూడమ్మా."

"చూసినా సార్. నెట్లో ఉండేదంతా మీ థీసిస్‌లోదే."

అనేశాక భయమేసింది. ఆయన పుస్తకం మూసి నా వైపు జరిపారు.

"నేనూ చూడలేదమ్మా" అన్నారు. "మా సార్ రాసిచ్చినాడు. అప్పుడు నెట్టు యాడిది? ఆ వాక్యం తీసేసి తే, జిరాక్స్ అక్కర్లేదు."

బయట మెట్లమీద కూర్చుని లాప్‌టాప్‌లో తీసేశాను. నిమిషం పట్టలేదు. తర్వాతి వాక్యం చూస్తే, "అందువల్ల మా రైతులు వేరుశనగకు మళ్లారు" అని ఉంది. ఎందువల్ల? మా నాయన తల నెరిసిందాకా ఆ పంటే వేశాడు, వాన రాని ఏళ్లలోనూ వేశాడు. ఎందుకో చెప్పినందుకే నాకు ఈ డాక్టరేటు ఇస్తున్నారు. నాకు తెలియదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

ప్రింటు తీసుకుపోయి, సార్‌కు ఆ 'అందువల్ల' అన్నచోట వేలుపెట్టి చూపించాను. ఆయన చదివారు. నా వైపు చూడకుండా సంతకం పెట్టేశారు.