రోకలికి అటు కొన

నిన్న పొద్దున మా వాడలో కప్పతల్లిని తీశారు. ఈ ఏడు మృగశిర వచ్చి వెళ్లిపోయింది కానీ చినుకు లేదు. నేను అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటుంటే తడిసిన వేపాకు వాసన ముందొచ్చింది, పాట తర్వాత వచ్చింది. నీళ్లు పడి ఎండకు ఆవిరయ్యే వేపాకు వాసన ఇంకే వాసనలాగా ఉండదు. అది ముక్కుకు తగలగానే యాభై ఏళ్ల కిందటి ఒక ఆడమనిషి, నెత్తి నుంచి పాదాల దాకా తడిసి, ఎర్రగా కమిలిన మొహంతో నా ముందు నిలబడింది.

ఆమె గురించి పోయిన వారం మా ఊళ్లో మైకు పెట్టి మరీ అబద్ధం చెప్పారు. పంచాయతీ ఆఫీసు ముందు సభలో ఒక యువ నాయకుడు, "మన ఊరి గొప్పతనమేంది? పోలెండు దొర్సాని రోకలి మోస్తే మూడో నాడు వాన దంచికొట్టింది!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, "పడలే" అన్నాను. "కూసో తాతా, మంచి మాట చెప్పుకుంటున్నం గదా" అన్నాడు. అబద్ధం మంచి మాట ఎప్పటినుంచి అయిందో నాకు తెలియదు. ఆ రోకలికి ఒక కొన ఆమె భుజం మీద ఉంటే, అటు కొన నా భుజం మీద ఉంది. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నేను బడికి పోలేదు. అయినా రాయడం వచ్చు. అందుకే రాస్తున్నాను.

ఆమె పేరు హన్నా. మా ఊరు జమ్మికుంటకు బండి మీద పూట ప్రయాణం. మా ఊరి దొర చిన్నకొడుకు సుధాకర్ రావు గనుల చదువుకని పోలెండు దేశం పోయి, వార్సా పట్నంలో ఆమెను చేసుకున్నాడు. తండ్రి మంచం పట్టడంతో డెబ్బైల మొదట్లో ఇద్దరూ ఊరికి వచ్చారు. నెల రోజుల్లో తిరిగిపోతామని వచ్చిన వాళ్లు, ముసలాయన పోయాక పొలం చూసేవాళ్లు లేక ఇక్కడే ఉండిపోయారు. నేనప్పుడు వాళ్ల ఇంట్లో జీతగాడిని. ఇరవై నాలుగేళ్లు. మోట తోలేవాణ్ణి. ఎడ్లు వాలు మీద దిగుతుంటే తోలుబొక్కెన బావిలోంచి నీళ్లు మోసుకుని పైకొచ్చేది.

ఆమెకు ఊరి బతుకు చేతకాలేదు. దాచుకునేదేముంది? మొదట్లో పొలం ఎంత దూరమంటే మనసులో ఏదో లెక్కేసుకుని "మూడు ట్రాము స్టాపులు" అనేది. ట్రాము అంటే ఏమిటో మాకు తెలియదు, స్టాపు అంతకన్నా తెలియదు. జొన్నరొట్టె చేస్తే పెనం మీద పటం గీసినట్టు ఒక్కో ముక్క ఒక్కో దిక్కుకు పోయేది. ఎండలో తిరిగి చేతుల తోలు ఊడేది. రాత్రుళ్లు చప్పుడు లేక నిద్రపట్టడం లేదని, "ఎవలన్న సచ్చిపోయిన్రా, గింత సైలెంటు?" అని అడిగిందట. ఇంట్లో పనిచేసే నర్సక్క వాడంతా చెప్పి నవ్వించింది. నేనూ నవ్వాను. దొరల ఇంట్లో ఒకరికి ఏదైనా రాకపోతే చూడడం మాకు అప్పట్లో దొరికిన ఒకే వినోదం.

కానీ ఆమె దాచేది కాదు. పెద్దబాలశిక్ష పట్టుకుని బావి గట్టు మీద కూర్చుని పైకే చదివేది. ఒకనాడు నన్ను పిలిచింది.

"మల్లయ్యా, గిది ఏం అక్షరం?"

"నాకు రాదు దొర్సానీ."

"నాకు గూడ రాదు. ఇద్దరికీ రాదు. మంచిగైంది" అని పకపకా నవ్వింది.

ముప్పై ఏళ్ల మనిషి, పెద్ద చదువులు చదివిన మనిషి, 'నాకు రాదు' అనే మాటను మంచినీళ్లు తాగినట్టు అనడం నేను అదే మొదటిసారి చూడడం. నాకు రాదని చెప్పాలంటే నా మెడ కిందికి వాలేది. తర్వాత నుంచి ఆమె లోపలికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం గట్టు మీదే రాయి కింద పెట్టి వెళ్లేది. చదువుకో అని ఒక్కసారి అనలేదు. ఎడ్లను దమ్ము తీసుకోనిచ్చినప్పుడల్లా నేను రాయి తీసేవాణ్ణి.

ఆ రెండో ఏడు వాన రాలేదు. చెరువు బీటలు వారింది. దొరల మోటబావిలో మాత్రం రెండు నిలువుల నీళ్లున్నాయి. మా వాడ ఆడవాళ్లు వాగులో చెలిమెలు తోడి గంటకొక బింద తెచ్చుకునేవాళ్లు. అప్పుడు కప్పతల్లిని తీశాం. తెలియని వాళ్లకు చెబుతున్నాను: రోకలికి నడుమ వేపమండలు చుట్టి, తడిగుడ్డలో కప్పను కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ దాని మీద నీళ్లు పోయాలి. కప్ప గోస చూసి వానదేవుడు కరుగుతాడని నమ్మకం. రోకలి నేనే మోశాను. కప్పను నేనే కట్టాను.

దొర వాకిట్లోకి వచ్చేసరికి పెద్ద దొర్సాని, అంటే హన్నా అత్త, చుట్టాల ఊరు వెళ్లి ఉంది. బింద పట్టుకుని హన్నా వచ్చింది. నవ్వుతూనే వచ్చింది. దగ్గరికొచ్చి చూసింది. గుడ్డ జారి, కప్ప కాళ్లకు నేను బిగించిన సుతిలి కనబడింది. ఎండకు దాని పొట్ట ఎగిరెగిరి పడుతోంది. ఆమె మొహం మారిపోయింది. లోపలికెళ్లి కత్తెర తెచ్చి, మేం ఏమిటని అడిగేలోగా సుతిలి కత్తిరించి, కప్పను బిందలో వేసుకుని, పెరట్లోకి నడిచి మోటబావిలో వదిలేసింది.

పాట ఆగిపోయింది. మా వెనక ముసలివాళ్లలో ఒకామె నేల మీద కూలబడి, "వానను ఇడిసిపెట్టిందిరో" అని ఏడుపు ఎత్తుకుంది. కోపంతో నాకు కళ్లు కనబడలేదు. జీతగాడిని, ఎవరితో మాట్లాడుతున్నానో తెలిసే అన్నాను:

"నీకు బాయి ఉన్నది దొర్సానీ! నీకు కప్ప మీద జాలైతది. మాకు ఏమున్నది? మాకు గా కప్పనే ఉన్నది!"

ఆ మాటకు ఆ రోజుల్లో వీపు చిట్లేది. కత్తెర ఆమె చేతిలో అట్లాగే ఉంది. రాత్రికి దొరల గడీ నుంచి పిలుపొస్తుందని మా అవ్వ, కన్నతల్లి కదా, నన్ను పక్క ఊరు పంపబోయింది. పిలుపు రాలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోయినా కప్ప సంగతి ఊరంతా పాకింది. తెల్లారి దొరల బావి కింది పత్తి చేనుకు కలుపు తీయడానికి ఒక్క ఆడమనిషి వెళ్లలేదు. తర్వాత బలవంతం మీద వచ్చిన ఒకరిద్దరు కూడా ఆమె కంటబడకుండా తిరిగి వెళ్లేవాళ్లు. ఆమె ఎదురైతే పిల్లలను కొంగు చాటుకు లాక్కునేవాళ్లు. అత్త తిరిగొచ్చి కొడుకును కూర్చోబెట్టి, "నేను ముందే చెప్పిన. గీ ఊరు దానికి పడదు, అది ఊరికి పడదు. తోల్కపో" అంది. సుధాకర్ రావు కూడా ఒప్పుకున్నాడు. హైదరాబాదులో నౌకరీ చూసుకుంటానని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఇవన్నీ నర్సక్క చెప్పినవే.

నాలుగో రోజు పొద్దున నేను ఎడ్లు కడుతుంటే ఆమె మోట దగ్గరికి వచ్చింది. చెప్పులు లేవు.

"మల్లయ్యా, కప్ప గావాలె."

"ఎందుకు?"

"ఊరు పని నేను చెడగొట్టిన. నేనే చెయ్యాలె గద. చెయ్యకుంట హైదరాబాదు పోతే గది దొంగతనం."

నాకు కోపం తగ్గలేదు. అయినా బావిలోకి దిగాను, వెనకే తనూ దిగింది. రెండు పొద్దులు వెతికితే ఒక కప్ప దొరికింది. "మనదేనా?" అంది. "కప్పలకు పేర్లుంటయా దొర్సానీ" అన్నాను. ఆ కత్తెర సంగతి తర్వాత అదే మొదటిసారి ఇద్దరం నవ్వడం. మెట్ల మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంటూ, తన చిన్నతనంలో యుద్ధానికి వార్సా నేలమట్టమైందనీ, ఇటుకల గుట్టల నడుమ ఒక్కటే నల్లా ఉండేదనీ, వాళ్లమ్మ బకెట్టుతో దినమంతా నిలబడేదనీ చెప్పింది. "నాకు గుర్తుండాలె. మరిచిన" అంది. అంతకు మించి చెప్పలేదు.

కప్పను కుండలో పెట్టుకుని మా వాడకు వచ్చింది. దొరల ఇంటి కోడలు వాడ గడప తొక్కడం మా తాతలు కూడా ఎరగరు. ఆడవాళ్లు తలుపులు మూసుకున్నారు. మా అవ్వ ఒక్కతే బయట ఉంది. కప్పను రోకలికి కట్టకుండా కుండతోనే వేలాడదీద్దామని హన్నా అడిగింది.

"కట్టకుంటె ఎట్ల బిడ్డా?" అంది అవ్వ. "దేవునికి గోస కనవడాలె. సల్లగ కుండల కూసుంటె ఆయనకేం తెలుస్తది?"

హన్నా కుండను కింద పెట్టింది.

"గోస నేను పడుత అవ్వా. నా మీద పొయ్యుండ్రి."

అవ్వ నా వైపు చూసింది. నేను రోకలి తెచ్చి నడుమ కుండ వేలాడదీశాను. ముందు కొన ఆమె ఎత్తుకుంది. అటు కొన ఎత్తుకోవడానికి ఎవరూ రాలేదు. దొర్సానితో ఒకే రోకలి కింద భుజం పెట్టేదెవరు? అయిదారు రోజుల కింద ఆమె మీద అరిచినవాణ్ణి నేనే. నేనే పెట్టాను.

మొదటి ఇల్లు మాదే. అవ్వ చెంబు పట్టుకుని నిలబడిపోయింది. ఆ నీళ్లు ఎంతో కష్టపడి తోడినవి కావడం ఒక కారణం. మా కుండలో నీళ్లు దొరల ఒంటి మీద పడడం ఇంకో కారణం. "పొయ్యి అవ్వా" అంది హన్నా. అవ్వ పోసింది. మెల్లగా ఒక తలుపు, ఇంకో తలుపు తెరుచుకున్నాయి. ఎవరూ పాడలేదు. నేనే ఎత్తుకున్నాను, నా గొంతు పగిలిన కుండ లాంటిది, అయినా ఎత్తుకున్నాను. మా వాడ దాటి ఊళ్లోకి పోయేసరికి వెనక నలభై మంది ఉన్నారు. నడినెత్తి మీద ఎండ, కింద కాలే మట్టి. ఆమె పాదాలు బొబ్బలెక్కాయి. ఒక్క ఇల్లు వదల్లేదు. నడుమ నీడలో ఆగుదామంటే, "కప్ప ఆగిందా?" అంది.

చివరికి వాళ్ల గడీ. పెద్ద దొర్సాని గడపలో నిలబడి ఉంది. నీళ్లు పోయలేదు. "వాడలంత తిరిగినవ్. బాయి కాడ తానం చేసి గని లోపలికి రాకు" అంది.

"ఇరవై కుండల నీళ్లు పోసిన్రు అత్తమ్మా" అంది హన్నా. "మల్ల తానమెందుకు? నీళ్లు లేవు గద."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఊరంతా నవ్వింది. పెద్ద దొర్సాని తలుపు వేసుకుంది. పొద్దు వాలేదాకా హన్నా అరుగు మీదే తడిబట్టలతో కూర్చుంది. ఏడాది దాకా ఆ అత్త ఆమె చేతి ముద్ద ముట్టలేదు. ఇది ఏ నాయకుడూ మైకులో చెప్పడు.

వాన పడలేదు. మూడో నాడు కాదు, ముప్పయ్యో నాడు కూడా పడలేదు. ఆ ఏడు మా ఎడ్లు రెండూ పోయాయి. ఆమె మాకు దొరల బావి ఇప్పించిందని కూడా కొందరు కలిపి చెబుతున్నారు. ఇప్పించలేదు. మొగుణ్ణి అడిగింది, ఆయన తల దించుకున్నాడు. వాడకు బోరింగు వేయడానికి ఇంకా పదేళ్లు పట్టింది.

పది రోజుల తర్వాత ఆమె ఒంటరిగా మళ్లీ మా వాడకు వచ్చింది. మబ్బులేని ఆకాశం చూసి, "వాన రాలే అవ్వా. నా మీద కోపమున్నదా?" అని అడిగింది.

మా అవ్వ చాటలో నూకలు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. "వాన రావుడు దేవుని పని బిడ్డా. నువ్వొచ్చుడు నీ పని. నువ్వైతె అచ్చినవ్. కూసో" అంది.

మర్నాడు ఆడవాళ్లు ఆమె పత్తి చేనుకు కలుపుకు వెళ్లారు. హైదరాబాదు ఉత్తరాలు ఆగిపోయాయి. ఆమె పదిహేనేళ్లకు పైగా మా ఊళ్లో ఉంది. దొరల గడీలు ఖాళీ అయిన రోజుల్లో వాళ్లూ కరీంనగర్ వెళ్లిపోయారు. అక్కడే తొంభైలలో పోయింది. అప్పటికి ఆమె చేసే జొన్నరొట్టె గుండ్రంగా వచ్చేదని నర్సక్క సాక్ష్యం.

నా సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. అవ్వ చచ్చిపోయినప్పుడు మందమర్రిలో బొగ్గుబాయి పని చేసే మా తమ్ముడు మట్టి చేయడం అయిపోయాక వచ్చాడు. పదిమందిలో, "నువ్వు కొడుకువేనా?" అన్నాను. వాడికి కబురు అందలేదని తర్వాత తెలిసింది. తెలిసీ ఆరేళ్లు నోరు విప్పలేదు. పెద్దవాణ్ణి కదా, వాడే రావాలని కూర్చున్నాను. ఒక ఎండాకాలం తడి వేపాకు వాసన తగిలి, లేచి బస్సెక్కాను. వాడి వాకిట్లో నిలబడి, "తప్పు నాదిరా" అన్నాను. "ఆరేండ్లకు యాదికొచ్చిందా?" అని లోపలికి పోయాడు. ఆ రోజు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మళ్లీ వెళ్లాను. అప్పుడు ఇచ్చాడు.

నిన్న మా వాడవాళ్లు కప్పను సుతిలితో కట్టి తెచ్చారు. నేను లేచి కుండ తెచ్చి, విప్పి అందులో వేయమన్నాను. "గట్ల చేస్తె వాన వస్తదా తాతా?" అన్నారు. "రాదు" అన్నాను. "మరి?" అన్నారు. చొక్కా విప్పి అరుగు మీద పెట్టి, రోకలి అటు కొనకు వెళ్లి భుజం పెట్టాను. "నా మీద పొయ్యుండ్రి" అన్నాను. మా కోడలు నవ్వుతూనే బింద ఎత్తి పోసింది. వాడంతా తిరిగి, సాయంత్రం కప్పను బావిలో వదిలి వచ్చాను. ఇవాళ ఒళ్లంతా నొప్పులు.

ఇది రాసేటప్పటికి వాన పడలేదు. ఆ ఏడు కూడా పడలేదు. ఆమె వచ్చింది. మైకు పట్టేవాళ్లు ఈ రెండూ రాసుకోవాలి.