చిన్నాన్నకు వెలిగించని దివిటీ

మొన్న దీపావళికి ముందురోజు ఉదయం బట్టలారేయడానికి మేడమీదకు వెళ్తే, పక్కవాటా వాళ్ళు గోనెపట్టా పరిచి దాని మీద చిచ్చుబుడ్లూ మతాబులూ తారాజువ్వలూ ఎండబెట్టి ఉన్నారు. పెందుర్తిలో ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఏటా చూస్తున్నదే అయినా, అంతకుముందు ముసురు పట్టి ఉండడం వల్లనో ఏమో, చెమ్మతో కలిసిన ఆ మందువాసన ముక్కుకు తగిలేసరికి బకెట్టు దించి పిట్టగోడ పక్కన కూలబడిపోయాను. నా ఈడు వాళ్ళకు వేరే చెప్పాలా, పొద్దున ఏం కూర వండామో గుర్తుండదు గానీ, ఇలాంటి వాసన ఒక్కటి చాలు, ఎప్పుడో అడుగున పడిపోయిందనుకున్న కాలమంతా పైకి తేలిపోతుంది.

మాది యారాడ. కొండకు అవతల నగరమూ ఓడరేవూ, ఇవతల సముద్రమూ, మధ్యన మా తాటాకు ఇళ్ళు. దీపావళి సాయంత్రం పొద్దు వాలుతుండగానే ఊరు ఊరంతా ఒడ్డుకు చేరేది. మొదట దివిటీలు, ఆ తరువాతే మందుగుండు. గోగుకాడల కొసలకు నూనెలో తడిపిన పాతగుడ్డ చుట్టి, ఇంటి పెద్దకొడుకు వాటిని వెలిగించి ఆకాశం కేసి ఎత్తి చూపేవాడు. మహాలయ రోజుల్లో మనల్ని చూసిపోవడానికి వచ్చిన పెద్దలు తిరిగి వెళ్ళే వేళ అదనీ, చీకట్లో వాళ్ళకు దారి కనబడాలనీ నాయనమ్మ చెప్పేది. ఊళ్ళో కాలం చేసినవాళ్ళకైతే సమాధి ఉంటుంది, కనీసం కాల్చిన చోటు ఉంటుంది. సముద్రంలో పోయినవాళ్ళకు ఉన్నదల్లా ఆ దివిటీయే. అందుకే మా ఒడ్డున ఆ కాసేపూ చిన్నపిల్లలు కూడా అల్లరి చేసేవారు కాదు. దివిటీలు ఆరిపోయాక కాళ్ళు కడుక్కుని, నోట్లో బెల్లంముక్క వేసుకుని, అప్పుడు కేరింతలు మొదలుపెట్టేవాళ్ళం.

ఆ కేరింతలన్నీ మా చిన్నాన్న జువ్వల కోసం. నాన్నకు ఒక్కగానొక్క తమ్ముడు. చేపల వేటకు వెళ్ళని రోజుల్లో పూర్ణామార్కెట్టు నుంచి సురేకారమూ గంధకమూ తెచ్చి, బొగ్గు నూరి, ఇంటి వెనక పాక నీడన కూర్చుని జువ్వలు కట్టేవాడు. మా వైపు అంత ఎత్తుకు వెళ్ళే జువ్వ ఇంకొకరు కట్టలేరని ఊళ్ళో అందరి నమ్మకం. నాకైతే అది చుక్కల్ని తాకి వస్తుందనే నమ్మకం ఉండేది. నేను చెప్పబోయే ఏడు ఆయనకు కొత్తగా పెళ్ళయింది. పిన్నిది భీమిలి. తొలి పండక్కి పుట్టింటికి వెళ్ళవలసిన మనిషి, మొగుడు కట్టిన జువ్వలు చూడాలన్న ముచ్చటతో మా దగ్గరే ఉండిపోయింది.

దసరా వెళ్ళిన తరువాత, సముద్రం నెమ్మదించిందనుకుని చిన్నాన్న మరో ఇద్దరితో నావ మీద వేటకు వెళ్ళాడు. సాయంత్రానికి గాలి తిరిగింది, వాయుగుండం పట్టింది. నావ బోల్తాపడితే ముగ్గురూ దాన్నే పట్టుకుని వేలాడారట. తతిమ్మా ఇద్దరూ భీమిలి అవతల ఒడ్డుకు కొట్టుకువచ్చి, ఒళ్ళంతా ఉప్పునీళ్ళకు పగిలిపోయి, ఊరివాళ్ళ భుజాల మీద ఇంటికి చేరారు. తెల్లవారి చూసుకునేసరికి చిన్నాన్న తమ పక్కన లేడని చెప్పారు. మునిగిపోవడం చూశారా అని పిన్ని అడిగింది. చూడలేదన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ మనిషి నిలబడిపోయింది. రోజూ పొద్దున్నే చిన్నాన్న కట్టిన జువ్వలు చేటలో పెట్టి ఎండకు పెట్టేది, మబ్బు కనబడితే పరుగున లోపలికి తెచ్చేది. చెమ్మగిలితే ఆయన వచ్చి కోప్పడతాడని అనేది. నాయనమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని సముద్రం వైపు చూస్తూ, తిండి పెడితే తినేది, లేకపోతే లేదు.

అలా దీపావళి వచ్చింది. ఈ ఏడు మందుగుండు వద్దు, దివిటీలు మాత్రం తప్పవు అని ఊరి పెద్దలు అన్నారు. ఒడ్డున నాన్న మా తాతకూ ముత్తాతకూ కాడలు సిద్ధం చేసుకుని నిప్పు పట్టుకున్నాడు. అప్పుడు నాయనమ్మ తన కొంగుచాటు నుంచి ఇంకొక గోగుకాడ తీసి నాన్న చేతికిచ్చింది. దానికి చుట్టినది నీలిగళ్ళ లుంగీ పేలిక. పిన్ని దాన్ని చూసింది.

“అదేటత్తా? ఆ గుడ్డెవులిది?”

“నా కొడుకుది. ఆడికి దారి సూపించాలి. సీకట్లో ఎన్నాళ్ళని తిరుగుతాడే ఆడు?”

“సచ్చిపోనాడని నీకెవులు సెప్పినారు? సచ్చినోళ్ళకెట్టే దివిటీ బతికున్న మనిసికెడతారా? నాను ఎలిగించనివ్వను.”

నాన్న చేతిలో నిప్పు గాలికి కొట్టుకుంటోంది. వెలిగించకపోతే తమ్ముడు దారి తెలియక తిరుగుతాడు, వెలిగిస్తే బతికున్నవాణ్ణి తన చేత్తోనే సాగనంపినట్టవుతుంది. తాత దివిటీ, ముత్తాత దివిటీ నాన్న వెలిగించి ఎత్తాడు. ఆ మూడో కాడను ఇసుకలో పెట్టి, “అమా, ఈ ఏడు కాదు” అన్నాడు. నాయనమ్మ అక్కడే కూలబడి, ఆడు సీకట్లో ఉండిపోతాడ్రా అని రాగం తీసి ఏడ్చింది.

పిన్ని ఇంట్లోకి వెళ్ళి జువ్వల చేట తెచ్చింది. “ఇవి ఏసెయ్యి బావా. ఎక్కడున్నా సూత్తాడు” అంది. పెద్దలు పక్కకు తప్పుకుని చోటిచ్చారు. నాన్న ఒక్కొక్కటే వెలిగించాడు. కొన్ని చెమ్మకు బుస్సుమని ఇసుకలోనే తిరిగిపడ్డాయి, కొన్ని లేచాయి. ఎంత ఎత్తుకు లేచినా ఎవరి నోటి నుంచీ కేక రాలేదు. దూరదూరంగా కూర్చున్న అత్తాకోడళ్ళిద్దరూ ప్రతి జువ్వకూ తలలెత్తారు. నేను ఆకాశం వైపు చూడలేదు. ఆ వెలుగులో నీళ్ళ మీద ఏదైనా కనబడుతుందేమోనని అటే చూస్తూ కూర్చున్నాను. ఏమీ కనబడలేదు.

చిన్నాన్న రాలేదు. పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మన్నారు, పిన్ని వెళ్ళలేదు. మాలో మారుమనువు తప్పు కాదు, సంబంధాలు కూడా వచ్చాయి, ఒప్పుకోలేదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని కొండ దాటి నగరంలో అమ్ముకొచ్చి, ఆ డబ్బుతో నాయనమ్మకు మందులు తెచ్చేది. ఒకే కుండలో కూడు తిన్న ఆ ఇద్దరూ ఏటా దీపావళి దగ్గరపడుతుంటే మాటలు మానేసేవారు. పండగనాడు నాయనమ్మ నాన్న వంక చూసేది, పిన్ని అడ్డంగా తలూపేది, నాన్న తల దించుకునేవాడు. నేను పెరిగి పెద్దదాన్నై, చదువుకుని బళ్ళో పంతులమ్మనయ్యాక కూడా, ఒక ఏడు పిన్ని మీద కోపం వచ్చేది, మరో ఏడు నాయనమ్మ మీద వచ్చేది. ఎవరిది న్యాయమో ఈనాటికీ తేల్చుకోలేదు.

ఒక వానాకాలంలో నాయనమ్మ పోయింది. ఆ దీపావళికి నాన్న ఆమె కోసం కాడకు గుడ్డ చుట్టుకుని ఒడ్డుకు వచ్చాడు. వెనకనే పిన్ని వచ్చింది, చేతిలో ఇంకొక కాడ.

“అత్తకి సూపు ఆనదు బావా. ఒక్కర్తీ ఎలా ఎళ్తాది? కొడుకుని తోడుండమను” అంది.

నాన్న నిప్పు ఆమెకే ఇచ్చేశాడు. మా ఊళ్ళో ఆడవాళ్ళు దివిటీ వెలిగించడం అదివరకు ఎవరూ చూడలేదు, అయినా ఒక్కరూ కాదనలేదు. రెండూ వెలిగించి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని, అవి ఆరిపోయేదాకా నిలబడి, అప్పుడు ఏడ్చింది. చిన్నాన్న పోయిన తరువాత పిన్ని ఏడవగా నేను చూడడం అదే మొదలు.

ఇప్పుడు నాన్న లేడు, పిన్నీ లేదు. ఈ దీపావళి సాయంత్రం మావారు నన్ను బీచిరోడ్డుకు తీసుకెళ్ళారు. జనం కిటకిటలాడుతున్నారు, ఆకాశం నిండా రంగురంగుల పూలు విచ్చుకుని రాలుతున్నాయి, ప్రతి చేతిలో ఫోను పైకి లేచి ఉంది. దూరాన, మా ఊరిని వెనక దాచుకున్న ఆ కొండ కూడా మెరుపు మెరుపుకీ కనబడి మాయమవుతోంది. నాకోసం నా పిల్లలు గోగుకాడ వెతుక్కోవాలని నేను అనుకోను, వాళ్ళకు అది తెలియదు, చెప్పనిది నేనూ అడగలేను. కానీ ఆ పూట నన్నొక దిగులు పట్టుకుని ఇంకా వదలడం లేదు. ఆ రోజుల్లో అంత చీకటిలో ఒక్క దివిటీ ఎత్తితే, అది తనకోసమేనని పోయినవాళ్ళకు తెలిసేది. ఇంత వెలుగులో మావాళ్ళు ఎటు చూసి వెళ్తారు?