లారీల వరసలో మా పెదనాన్న కారు

మొన్న ద్వారకా నగర్ సిగ్నల్ దగ్గర మా పక్కన ఓ కొత్త బండి ఆగింది. ముందు సగం కారు, వెనక సగం తొట్టి. మా అల్లుడిది గోదావరి జిల్లా, స్టీలు ప్లాంటులో ఉద్యోగం. దాన్ని ఎగాదిగా చూసి, "ఇది కారు చట్రం మీద కట్టిందేనండి అత్తయ్యగారూ, అసలు ట్రక్కు అనరండి దీన్ని," అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అలా అన్నవాళ్లని ఎదిరించిన ఇంట్లో పుట్టినదాన్ని మరి.

నా చిన్నప్పుడు భీమిలిలో మా పెదనాన్న ఓ పాత కారు కొని, వెనక సీట్లూ డిక్కీ కోయించేసి చెక్క తొట్టి కట్టించాడు. చేపల గంపలనీ, వాటి మీద మా పెద్దమ్మనీ, సాటి ఆడవాళ్లనీ ఎక్కించుకుని పొద్దున్నే తగరపువలస సంతకు పోయేవాడు. ఐసు నీళ్లు కారి కారి ఆ తొట్టికి పట్టిన వాసన మమ్మల్నీ వదిలేది కాదు. పెళ్లికి వెళ్తే చుట్టాలు కళ్లకంటే ముందు ముక్కుతో గుర్తుపట్టేవాళ్లు. వేట లేని రోజుల్లో ఇటుకో ఇసుకో తోలితేనే ఇల్లు గడవాలి. ఆ కిరాయిలేమో లారీ స్టాండులో వంతు ఉన్నవాళ్లకే. వంతు కావాలంటే దసరాకి లారీల వరసలో నిలబెట్టి బండికి పూజ చేయించాలి. అదీ అక్కడి కట్టుబాటు.

ఆ దసరాకి పెదనాన్న బంతిపూలు కట్టి, బండిని వరస చివర పెట్టాడు. పండగని చేపలు ఆగవు గదా, గంపలతో, ఆడవాళ్లతో సహా వచ్చేశాం. పూజారి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. స్టాండు పెద్ద వచ్చి, "ఏటి బావా, కారు కోసేసి లారీ అంటన్నావేటి? టాక్సీల కాడెట్టుకో," అన్నాడు. టాక్సీవాళ్లు దూరం నుంచే "మాకొద్దు బాబో, కంపు" అని చేతులూపేశారు. పెదనాన్న నోట్లో నాలుక లేని మనిషి. తల వంచుకుని బండి తియ్యబోయాడు.

నా పక్కన గంప మీద కూర్చున్న పెద్దమ్మ దిగ్గున లేచింది. "తియ్యకు! ఓరి బాబూ, మీ లారీలు ఈయేళ ఏటి మోత్తన్నాయి? పువ్వులా? అన్నీ కాళీయే. మా బండొక్కటే సరుకుతో వొచ్చింది. మోసిందే లారీ! నాను దిగను, ఎవుడు దింపుతాడో రమ్మను!" ఆడవాళ్లెవరూ కదల్లేదు. నేనూ గంప అంచు గట్టిగా పట్టుకున్నాను.

స్టాండు పెద్ద వరసంతా ఓసారి చూశాడు. నిజమే, అన్నీ కడిగిన ఖాళీ లారీలే. నవ్వాపుకోలేక నాలుగు నిమ్మకాయలు తెచ్చి, తనే మా టైర్ల కింద పెట్టాడు. "తొక్కించు బావా. అయితే వొచ్చే ఏడు సేపలు తేకు," అన్నాడు. పెదనాన్న స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చేశాడు. ఆ వారమే మాకు ఇటుకల కిరాయి వచ్చింది.

"ఆ బండి ఇప్పుడెక్కడుందండి?" అన్నాడు అల్లుడు, అంతా విని. తుప్పు పట్టి ఎప్పుడో తూకానికి పోయింది. కాలం దాన్ని పాత ఇనుము చెయ్యగలిగింది గానీ, లారీ కాదని మాత్రం అనిపించలేకపోయింది.