మూడో ముక్క కోసం ఆగినవాణ్ణి

నలభై ఏళ్లకు పైగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నా థీసిస్‌లో నేనే రాసిన వాక్యం. సర్జన్ దగ్గరికి పంపినా రోగి వెళ్లలేదని. అది అబద్ధం. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

డెబ్బయ్యో దశకం. పాతబస్తీ ఆసుపత్రిలో పెథాలజీ ఎం.డి. చదువుతున్నాను. జర్దా పాన్ నమిలేవాళ్ల నోట్లో లేచే తెల్ల మచ్చల మీద నా పరిశోధన. మచ్చలోంచి చిన్న ముక్క తీసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూడాలి. ఏ మచ్చ మచ్చగానే ఉండిపోతుంది? ఏది క్యాన్సరవుతుంది? ఎప్పుడు, ఎక్కడ మొదలవుతుంది? కిటికీ పక్కన కూర్చుని గులాబీ, ఊదా రంగుల్లో ఆ కణాలను చూస్తూ ఎన్నోసార్లు అన్నం మరిచిపోయాను. అంత కుతూహలం తప్పా? అది కాదు నా తప్పు. లేక అక్కడే మొదలైందా?

యాదమ్మది ఉప్పుగూడ. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆమెకు నలభై లోపే. కుడి బుగ్గ లోపల గోరంత మచ్చ. మొదటి ముక్కలోనే కణాలు వరస తప్పుతున్నాయి. వెంటనే సర్జన్‌కు చూపించాలి, అదే పద్ధతి. కానీ ఒకే మనిషిలో ఆ మార్పును అడుగడుగునా చూసే అవకాశం నాకు అదే మొదటిసారి దొరికింది.

రిపోర్టు కోసం వచ్చినప్పుడు ఆమె అడిగింది.

“సారూ, గిది చెడ్డదైతే ఇప్పుడే కోసెయ్యమనుండ్రి. నాకేం భయం లేదు.”

“ఫికర్ చెయ్యకు యాదమ్మా. మూడు నెలలకు మళ్ల రా, చూద్దాం.”

“అంటే ఏం లేదన్నట్టేనా?”

“చూద్దామంటున్న గదా.”

“గట్లనే సారూ. మీరు రమ్మన్ననాడే వస్త.”

అన్నట్టే వచ్చింది. రెండో ముక్క తీశాను. గందరగోళం పెరిగింది కానీ అడుగు పొర ఇంకా తెగలేదు, అంటే ఇంకా క్యాన్సర్‌గా మారలేదు. అప్పుడైనా పంపాల్సింది. నాకు భయం వేసిందా? లేదు, సంతోషం కలిగింది. నేను ఊహించినట్టే జరుగుతోందని. మళ్లీ మూడు నెలల తర్వాత రమ్మన్నాను. నాకు మూడో ముక్క కావాలి.

మూడో ముక్కలో అడుగు పొర తెగి, కణాలు కిందికి దిగాయి. అంత స్పష్టమైన వరసను తాను కూడా చూడలేదని మా ప్రొఫెసర్ భుజం తట్టారు. అప్పుడు పంపాను సర్జన్ దగ్గరికి. సగం దవడ తీసేశారు. ఆ తర్వాత ఆమె మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఏడాది తిరక్కుండానే పోయిందని వార్డు నర్సు చెప్పింది. ఉప్పుగూడ ఎంత దూరమని? వెళ్లలేదు. ఒక్కో కణం గురించీ తెలుసుకోవాలనుకున్నవాణ్ణి, ఆ ఇంట్లో ఏమైందో తెలుసుకోవాలనుకోలేదు.

అన్నాళ్లు వైద్యం ఎందుకు జరగలేదని ప్రొఫెసర్ అడిగారు. ఆమె మాట వినలేదన్నాను. అయితే అదే రాయమన్నారు. రాశాను.

తర్వాత నేనే పాఠాలు చెప్పేవాణ్ణి అయ్యాను. ఏటా యాదమ్మ మూడు ముక్కల స్లైడ్లే చూపించి, పంపినా రోగి వెళ్లలేదనే చెప్పేవాణ్ణి. ఒక ఏడాది ఒక విద్యార్థిని, ఆమెకు ఎవరూ నచ్చజెప్పలేదా సార్ అని అడిగింది. చదువులేని వాళ్లు, చెబితే వినరు అన్నాను. క్లాసంతా తలూపింది. కొందరు రాసుకున్నారు కూడా. అలా ఎంతమంది డాక్టర్లకు ఆ మాట నేర్పానో!

ముందే కోసి ఉంటే బతికేదా? తెలియదు. బతికేదేమో అన్న ఆ అవకాశాన్ని ఆమె నుంచి నేను లాగేసుకున్నాను, నా కోసం. క్షమించమని అడగడానికి ఆమె లేదు. మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు.

యాదమ్మ మాట వినని మనిషి కాదు. రమ్మన్న ప్రతిసారీ వచ్చింది. మూడో ముక్క దాకా సర్జన్ దగ్గరికి వెళ్లమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు ఊపిరి కొంచెం ఆడుతోంది.