ముప్పై ఏడో నంబరింటి పిలుపు

తాడేపల్లిగూడెం బస్టాండులో ఇరవై తొమ్మిదేళ్ళు విచారణ కిటికీ వెనక కూర్చున్న మనిషి రిటైరై ఇంటికొస్తే ఏమవుతుంది? ఆ ఇంట్లో ప్రశాంతత కరువవుతుంది. లక్ష్మీకాంతమ్మ ఇంట్లో అదే జరిగింది. ఏలూరు బస్సు ఏ ప్లాట్‌ఫారమ్ మీదికొస్తుందో, ఉంగుటూరులో ఆగుతుందో ఆగదో అడగకముందే చెప్పడం అలవాటైన నోరు ఆవిడది. ఇప్పుడు చెప్పడానికి బస్సుల్లేవు, భర్త భాస్కరరావు ఒక్కడే ఉన్నాడు. ఆయన రెండు వారాలు ఓర్చుకుని, మూడో వారం కాలనీ సంఘం పెద్దల దగ్గరికెళ్ళి, "మా ఆవిడని సెక్రటరీగా పెట్టుకోండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలుకున్నాడు. ఇది ఆయన చెప్పే కథ. ఆవిడ చెప్పే కథలో కాలనీ అంతా కదిలొచ్చి ఆవిడని బతిమాలింది.

ఏ కథ నిజమైనా, పెంటపాడు రోడ్డు పక్కనున్న ఆ నలభై రెండిళ్ళ కాలనీకి మంచే జరిగింది. సంఘమంటే అంతవరకూ గేటు దగ్గర తుప్పుపట్టిన బోర్డు. లక్ష్మీకాంతమ్మ వచ్చీ రాగానే ఒక రిజిస్టరు తెరిచి, ఇంటి నంబర్లన్నీ వరసగా రాసి, ప్రతి నంబరుకీ ఎదురుగా ఒక పని రాసింది. ఇంటికో పని, ఎగవేతల్లేవు. వీధిలైట్లు పొద్దున్నే ఆర్పడం ఐదో నంబరు వాళ్ళది. మోటారు సంగతి పన్నెండో నంబరు ఆనంద్ పాల్‌ది, ఆయనకి ఆ పని వచ్చు. వాట్సాప్ గ్రూపు నడపడం అభిషేక్ అనే కుర్ర లెక్చరర్‌ది. పని చేయని ఇంటి ముందు ఆవిడ ఆగి, అచ్చం బస్టాండు మైకులో పలికినట్టు, "ఇరవయ్యో నంబరు వారికి విజ్ఞప్తి" అని మొదలుపెట్టేది. రెండోసారి విజ్ఞప్తి చేయించుకోవాలని ఎవరికీ సరదా ఉండేది కాదు.

ఆ రిజిస్టరులో ఒక్క ఇంటికే పని లేదు. ముప్పై ఏడో నంబరుకి ఎదురుగా "పెద్దావిడ, ఇబ్బంది పెట్టరాదు" అని రాసి ఉంది. ఆ పెద్దావిడ సుందరమ్మ. అరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. నాలుగేళ్ళ కిందట భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. ఆవిడకి ఇబ్బంది లేకుండా చూశానని లక్ష్మీకాంతమ్మ చాలా గర్వపడింది.

కిందటేడు ఆగస్టులో మూడ్రోజులు ముసురుపట్టి, చివరి వీధిలో మోకాలి లోతున నీళ్ళు నిలిచాయి. కొత్తగా కాపురానికొచ్చిన పద్మప్రియ వంటింట్లో గ్యాస్ సిలిండరు తేలింది. నీళ్ళు దిగాక, బురద కడిగి కడిగి నడుములు పడిపోయిన ఆడవాళ్ళందరి మధ్యా నిలబడి లక్ష్మీకాంతమ్మ మాటిచ్చింది. "వచ్చే వానాకాలానికి ఒక్క గుమ్మం తడవకుండా చూస్తానండీ. చూడలేకపోతే ఈ రిజిస్టరు మీ చేతికిచ్చేసి నా ఇంట్లో నేను కూర్చుంటాను." పక్కనే ఉన్న భాస్కరరావు గుండెలో రాయి పడింది. ఆవిడ ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో తెలిసినవాడు ఆయనొక్కడే.

మాట సులువుగానే వచ్చింది గానీ పనికి మనుషులు రారే! జనవరి నుంచి నాలుగు మీటింగులు పెడితే, గ్రూపులో అందరూ బొటనవేళ్ళు ఎత్తారు, కుర్చీల్లో మాత్రం ఏడుగురు కూర్చున్నారు. మే నెలొచ్చింది. మునిసిపల్ ఇంజనీరు ఫణికిరణ్ ఆదివారం సాయంత్రం స్వయంగా వచ్చి మాట్లాడతానన్నాడు. ఈసారి కూడా ఏడుగురే వస్తే పరువు గోదాట్లో కలుస్తుంది. లక్ష్మీకాంతమ్మ ఒక పూట ఆలోచించి, బీరువాలోంచి వెండి కుంకుమ భరిణె తీసింది.

ఆ ఆలోచన ఆవిడకే తట్టాలి. మన వైపు పెళ్ళికి శుభలేఖ అందితే కబురు తెలిసినట్టే గానీ పిలిచినట్టు కాదు. ఆ ఇంటి ఇల్లాలు గడప దాకా వచ్చి, బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలండీ" అంటేనే పిలుపు. బొట్టు పెట్టించుకుని రాకపోతే నలుగురిలో తలెత్తుకోలేరు. మురుగునీటి మీటింగుకి బొట్టు పెట్టి పిలిచినవాళ్ళు అంతకుముందు ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు. మూడు సాయంత్రాలు లక్ష్మీకాంతమ్మ జరీచీర కట్టుకుని గడప గడపకీ తిరిగింది. "ఏ ఫంక్షనండీ?" అని ఆశగా అడిగినవాళ్ళకి, "డ్రైనేజీ అండీ" అని గంభీరంగా చెప్పింది. ఆనంద్ పాల్ ఇంట్లో చర్చి క్యాలెండరు చూడగానే భరిణె బొడ్లో దోపుకుని, ఆయన భార్య ప్రసన్న రెండు చేతులూ పట్టుకుని, "మీ ఇద్దరూ లేకపోతే మీటింగు మొదలుపెట్టనండీ" అంది. ప్రసన్న మురిసిపోయింది.

మూడో సాయంత్రం ముప్పై ఏడో నంబరు గేటు దాకా వచ్చి ఆగిపోయింది. మొగుడు పోయిన ఆడవాళ్ళకి బొట్టు పెట్టి పిలవరు. ఈ నియమం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగితే ఒక్కరూ చెప్పలేరు, పాటించడం మాత్రం అందరికీ వచ్చు. చేతిలో భరిణె పెట్టుకుని వట్టి నోటితో పిలిస్తే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటుందేమో. ఫోన్లో చెబితే సరిపోతుంది. ఇలా సర్దిచెప్పుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. తర్వాత ఆ ఫోను సంగతి మర్చిపోయింది.

ఆదివారం నీళ్ళట్యాంకు పక్కనున్న ఖాళీ స్థలంలో కుర్చీలు చాలలేదు. బొట్టు మహిమ! నలభై ఒక్క ఇళ్ళ జనం. ఇంజనీరు ఫణికిరణ్ ఆ సమూహాన్ని చూసి బెదిరి, ఏదో గొడవకి పిలిచారేమోనని ముందు మోటార్‌సైకిలు దిగలేదు. దిగాక విషయం సూటిగానే చెప్పాడు. "ఇవన్నీ ఒకప్పటి వరిచేలండీ. చేలల్లో నీళ్ళు పెద్ద డ్రెయిన్లోకి పోవడానికి ఒక మురుగు బోదె, దానికి సిమెంటు తూము ఉండేవి. లేఅవుట్ వేసినప్పుడు పైన మట్టి కప్పేశారు. ఆ తూము నోరు ఎక్కడుందో చూపిస్తే బుధవారం జేసీబీ పంపి తెరిపిస్తాను. చూపించలేకపోతే కొత్త కాలువకి రాసుకోవాలి, అది మాత్రం ఈ ఏడాది తెమిలే పని కాదండీ."

"ఈ చేలు సుందరమ్మ గారివే కదండీ" అన్నాడు ఆనంద్ పాల్. "ఆ తూము వేయించింది వాళ్ళాయనే. ఆవిడకి తెలియకుండా ఉంటుందా?"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. సుందరమ్మ లేదు. ఐదో నెల కడుపుతో చివరి వరసలో కూర్చున్న పద్మప్రియ మెల్లిగా లేచింది. "నేను వస్తూ రమ్మన్నానండీ. వాళ్ళింటికి పిలుపు రాలేదట."

ఇరవై తొమ్మిదేళ్ళలో ఏ ప్రశ్నకీ తడుముకోని లక్ష్మీకాంతమ్మ ఆ క్షణాన రిజిస్టరు మూసేసింది. ముఖం కందగడ్డయింది. "ఐదు నిమిషాలు కూర్చోండి, వస్తాను" అని చెప్పి, జరీచీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని చివరి వీధిలోకి నడిచింది.

సుందరమ్మ వరండాలో గోంగూర వలుస్తోంది. తల ఎత్తింది గానీ లేవలేదు.

"రండి లక్ష్మీకాంతం గారూ. కూర్చోండి."

"సుందరమ్మ గారూ, ఆ ఫోను... అదే, చేద్దామనే అనుకున్నానండీ. పనుల్లో పడి..."

"భరిణెతో నా గేటు దాకా వచ్చారు. కిటికీలోంచి చూశానండి. చీర సర్దుకుని ఎదురొద్దామని లేచాను కూడాను. ఈలోపల మీరు వెళ్ళిపోయారు."

"మీ మనసు కష్టపెట్టడమెందుకని..."

"పాల్ గారింట్లో బొట్టు పెట్టలేదటగా?"

"వాళ్ళు పెట్టుకోరు కదండీ. చేతులు పట్టుకుని పిలిచాను."

సుందరమ్మ తన చేతుల వంక చూసుకుంది. గోంగూర పసరుతో వేళ్ళు పచ్చగా ఉన్నాయి. "చేతులు నాకూ ఉన్నాయండీ" అంది.

లక్ష్మీకాంతమ్మకి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. చెప్పడానికి సమాధానాలు ఎన్నో ఉన్నాయి, ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ఒక్కటీ బయటికి తీయలేదు. మెట్టు మీద కూలబడి, "తప్పయిపోయిందండీ" అంది. సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సుందరమ్మ వలిచిన ఆకు చాటలోకి తోసింది. "తూము చూపిస్తాను లెండి. బుధవారం పొద్దున్నే రమ్మనండి. నీళ్ళు నా ఇంట్లోకీ వస్తాయి, ఆ పిల్ల పద్మప్రియ ఇంట్లోకీ వస్తాయి. అది వేరు, ఇది వేరు."

బుధవారం జేసీబీ వచ్చేసరికి సుందరమ్మ అప్పటికే ట్యాంకు దగ్గర నిలబడి ఉంది. పిచ్చిమొక్కల్లో, ఒకప్పుడు చేలకి నీళ్ళు తోడిన ఆయిలింజను దిమ్మ ఒకటి మిగిలింది. దానికి వీపు ఆనించి, పెద్ద డ్రెయిన్ వైపు తిరిగి నడక మొదలుపెట్టింది. "మా ఆయన లెక్కకి పదహారు అడుగులండీ. ఆయనవి పెద్ద అంగలు. నాకు ఇరవై రెండు" అంది. ఇరవై రెండో అడుగు రోడ్డు వారన పడింది. "ఇక్కడ తవ్వండి."

బకెట్టు నాలుగోసారి దిగేసరికి కింద సిమెంటు ఖంగుమంది. పూడిక లాగి, ట్యాంకరు నీళ్ళు వదిలి చూశారు. మొదట బుడగలొచ్చాయి. తర్వాత గడగడమని ఒక్క ఊపున నీళ్ళు లోపలికి లాగేసుకుని, అవతల డ్రెయిన్లోకి ఎర్రగా దూకాయి. జనం చప్పట్లు కొట్టారు. ఫణికిరణ్ చేతులు జోడించి, "మా దగ్గరున్న మ్యాపుల్లో కూడా ఇది లేదండీ" అన్నాడు. సుందరమ్మ ఆ పొగడ్త వినిపించుకోకుండా, కొంగు నడుముకి చుట్టి, తూము నోటి దగ్గర అడ్డుపడిన కొమ్మ ఒకటి లాగి పారేసి ఇంటికి వెళ్ళిపోయింది.

గుమ్మాలు తడవవని తేలిపోయింది. లక్ష్మీకాంతమ్మ మాట నిలబడింది. అయినా ఆవిడ రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. భాస్కరరావు కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. "తూము దొరికిందండీ, నేను దొరికిపోయాను" అంది.

శుక్రవారం సాయంత్రం మళ్ళీ భరిణె తీసుకుని తిన్నగా ముప్పై ఏడో నంబరుకి వెళ్ళింది. తూము మళ్ళీ పూడిపోకుండా వీధులవారీగా వంతులు వేసుకోవాలి, ఆదివారం మీటింగు. "మొదటి పిలుపు మీదేనండీ" అని భరిణె మూత తీసింది.

సుందరమ్మ నుదురు ముందుకు వంచలేదు. "నాకొద్దండీ. పెట్టుకోవడం మానేశాను, మళ్ళీ మొదలుపెట్టాలని లేదు" అంది. లక్ష్మీకాంతమ్మ మూత వేయబోయింది. సుందరమ్మ ఆ చేతిని ఆపింది. "పెట్టుకోవడం మానేశాను గానీ, పెట్టడం మానతానని ఎవరితోనూ అనలేదే. ఈ వీధులన్నీ నా చేలగట్లు. పిలవడానికి నేను వెళ్ళకూడదా?"

లక్ష్మీకాంతమ్మ భరిణె తీసి ఆవిడ చేతిలో పెట్టింది. అనుకున్నంత సులువు కాదని ఇద్దరికీ తెలుసు. ఈ చేతి బొట్టు ఎవరు పెట్టించుకుంటారు? ఒక్క ఇంట్లో ఒక్కరు వెనక్కి జరిగారంటే చాలు, సుందరమ్మ మళ్ళీ జన్మలో గుమ్మం దిగదు.

మొదటి ఇల్లు పద్మప్రియది. ఖర్మకాలి తలుపు తీసింది ఆ పిల్ల కాదు, అత్తగారు అచ్చమ్మ. శుక్రవారం నాడు గుమ్మంలో తుమ్మినా గంట ఆగి గానీ కదలని మనిషి. సుందరమ్మ చేతిలో తెరిచిన భరిణె చూసింది. వెనకాల వచ్చి నిలబడ్డ కోడలి కడుపు వంక చూసింది. లక్ష్మీకాంతమ్మ నాలిక మీద పది మాటలున్నాయి. జీవితంలో మొదటిసారి పదింటినీ మింగేసింది. ఇది తను చెప్పి ఒప్పించవలసిన చోటు కాదు.

అచ్చమ్మ గడప దాటి బయటికి వచ్చింది.

"కిందటేడు మా పిల్ల వంటింట్లో మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడి ఏడ్చిందండీ" అంది. "వచ్చే ఏటికి అది కన్నబిడ్డ ఆ వంటింట్లో పాకాలి." నుదుటి మీద చెమట కొంగుతో తుడుచుకుని ముఖం ముందుకు చాపింది. "ముందు నాకు పెట్టండి, పెద్దదాన్ని. తర్వాత దానికి పెట్టండి."

సుందరమ్మ ఉంగరపు వేలు కుంకుమలో ముంచి పెట్టింది. నాలుగేళ్ళ తర్వాత పెట్టిన బొట్టు కాస్త పక్కకి పోయింది. "ఆదివారం మీటింగండీ. తప్పకుండా రావాలి" అంది. పద్మప్రియకి పెట్టిన బొట్టు తిన్నగా వచ్చింది.

ఇంకో మూడిళ్ళు పిలిచి వీధి చివరికొచ్చేసరికి లక్ష్మీకాంతమ్మ రిజిస్టరు తెరిచి, ముప్పై ఏడో నంబరుకి ఎదురుగా ఉన్న మాటలు కొట్టేసి "పిలుపులు" అని రాసింది. తర్వాత అలవాటు చొప్పున భరిణె కోసం చేయి చాపింది.

సుందరమ్మ భరిణె తన బొడ్లో దోపుకుంది. "మీరు ఇంటికెళ్ళండి. ఇంకా ముప్పై ఆరిళ్ళున్నాయి నాకు" అంది.